సుంకమ్మ బొటనవేలు

బెంగుళూరు మారతహళ్ళిలో రింగు రోడ్డు పనులు జరుగుతున్న రోజుల్లో, ఆ దుమ్ములోనే రోడ్డు వారగా వెదురు బుట్టలు పేర్చుకుని కూర్చునే సుంకమ్మకు ఒక పట్టింపు ఉండేది. బుట్టను ఎవరి చేతికీ ఖాళీగా ఇచ్చేది కాదు. కొన్నవాళ్ళు స్కూటరెక్కబోతుంటే "ఉండమ్మా, ఉండు" అని ఆపి, నాలుగు రాగిగింజలో ఒక వేపరెబ్బో అందులో వేసి ఇచ్చేది. ఏమీ దొరక్కపోతే కొంగుముడి విప్పి ఒక వక్కపలుకు వేసేది. "ఖాళీ బుట్ట ఇస్తే ఇచ్చినోళ్ళ ఇల్లూ బోసిపోతాది, తీసుకున్నోళ్ళ ఇల్లూ బోసిపోతాది" అనేది. ఎవరు చెప్పారని అడిగితే "మా నాయన" అనేది. ఆమెకు తెలిసిన శాస్త్రాలన్నీ ఆ రెండు మాటల్లో ఇమిడిపోయేవి.

ఆ నాయన చెప్పిన మాటే ఒకటి, యాభై ఏళ్ళ తర్వాత, ఒక పార్టీ పుట్టుకకు అడ్డం పడింది.

సుంకమ్మ వాళ్ళు ఎరుకలవాళ్ళు. ఆమె పుట్టింది నల్లమల అంచున ఒక సెటిల్మెంటులో. సెటిల్మెంటంటే ఊరు కాదు, అచ్చంగా జైలూ కాదు. తెల్లదొరల కాలంలో కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని చట్టంలో రాసి, కంచె వేసి కూర్చోబెట్టిన చోటు. పొద్దు గూకితే హాజరు పలకాలి. పక్క ఊరి సంతకు నాలుగు చాటలు అమ్ముకోవడానికి పోవాలన్నా చీటీ తీసుకోవాలి, ఆ చీటీకి వేలిముద్ర వేయాలి. ఆ చట్టం పోయేనాటికి సుంకమ్మకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆమెకు కంచె సరిగా గుర్తులేదు. హాజరు పిలిచే గొంతూ గుర్తులేదు. గుర్తున్నదల్లా సిరాదిండు ముందు వంగి నిలబడిన తండ్రి కొండన్న చెయ్యి. ఆ చెయ్యి కొంచెం తడబడినట్టు నటించేది. బొటనవేలు చడీచప్పుడు లేకుండా అరచేతిలోకి ముడుచుకునేది. ఒకరోజు నడిమి వేలు, ఒకరోజు ఉంగరపు వేలు కాగితం మీద పడేవి. గుమాస్తా నిద్రమొహంతో ఉండేవాడు, తల ఎత్తేవాడు కాదు.

సంతదారిలో కొండన్న కూతురికి చెప్పేవాడు: "బొటనవేలు మనదిమ్మా. కత్తిని పట్టేది అది, బద్దను చీల్చేది అది, సంగటి ముద్దను నోటికి తోసేది అది. దాన్ని వాళ్ళ కాగితానికి ఇయ్యగూడదు. వాళ్ళడిగితే ఏదో ఒక వేలియ్యి. ఇది మాత్రం మన దగ్గర పెట్టుకో."

అదొక ఆస్తిలాగా ఆమెకు దక్కింది. కదిరి పక్క పల్లెకు కోడలుగా పోయినప్పుడు తనతో తెచ్చుకుంది. కరువుకు ఆ పల్లె విడిచి మొగుడూ తనూ బెంగుళూరు రైలెక్కినప్పుడూ తెచ్చుకుంది. మొగుడు నాగులు నాలుగేళ్ళకే జ్వరంతో పోయాడు. చేతిలో చిన్నపిల్ల వనజ, పక్క గుడిసెలో మరిది గంగప్ప, చుట్టూ ముప్పై నలభై గుడిసెల కులం వాళ్ళు మిగిలారు. కట్టుబడి మేస్త్రీలు మట్టి తట్టలు కొన్నన్నాళ్ళు కడుపు నిండింది. తర్వాత ఇనుప బాండలీలు వచ్చాయి. అపార్టుమెంట్లు లేచాక మాసిన బట్టలు వేసుకునే పెద్ద బుట్టలు అడగడం మొదలుపెట్టారు. సుంకమ్మ ఆ బుట్టా అల్లింది. "ముందు మట్టికి అల్లితి, ఇప్పుడు మురికి బట్టలకి అల్లతాండా. వెదురుకేమి తెలుసు పాపం" అనేది.

ఎరుకలామె అనగానే కొందరు చెయ్యి చాపి సోది చెప్పమనేవాళ్ళు. "మా యమ్మకొచ్చు. నాకు జరిగిపోయినవే తెలుస్తాయి తల్లీ, జరగబొయ్యేవి తెల్దు" అని నవ్వేసేది.

*

పార్టీ మాట తెచ్చినవాడు జయరాజు. మహదేవపురలో ఒక చర్చి బడిలో తెలుగు చెప్పేవాడు. ఆయన భార్య కృపమ్మ నర్సు. ఆయనా ఎరుకల మనిషే, మరొక సెటిల్మెంటులో పుట్టి, తండ్రితోపాటు యేసుప్రభువును నమ్ముకున్నవాడు. సన్నటి మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, సైకిలు. ఆదివారం ఆరాధన కాగానే ఆ సైకిలు మీద ఎక్కడెక్కడి జనాన్నో వెతుక్కుంటూ పోయేవాడు. బన్నేరుఘట్ట అడవి పక్కన ఇరుళిగులు, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల దగ్గర కూలిచేసే లంబాడీలు, ఇటుకబట్టీల్లో యానాదులు, చివరికి ఈ మారతహళ్ళి ఎరుకలు. అందరినీ ఒక్క పేరు కింద చేర్చాలని ఆయన పట్టుదల.

ఆయన పట్టుదల సుంకమ్మకు అర్థమైంది వనజ వల్ల. పిల్ల పది పాసయింది. నర్సు చదువుతానంటే కృపమ్మ ఫారాలు తెచ్చిపెట్టింది. కుల సర్టిఫికెట్టు అడిగారు. ఇక్కడి కచేరీలో "మీరు ఆంధ్రావాళ్ళు, అక్కడికే పోండి" అన్నారు. అక్కడికి పోతే "మీరు ఊరొదిలి ఎన్నేళ్ళయింది? అక్కడే తెచ్చుకోండి" అన్నారు. రాష్ట్రం సరిహద్దు దాటితే కులం కూడా ఇంకో జాబితాలోకి పోతుందట. అటూ ఇటూ తిరిగేలోగా సీటు పోయింది. వనజ గార్మెంట్సులో కుట్టుపనికి పోయింది.

"మన గురించి అడిగేవోడు ఒక్కడన్నా ఉంటే కదా పెద్దమ్మా" అన్నాడు జయరాజు.

"అడిగేవోళ్ళకేమి తక్కవ అయివారూ? ఎలచ్చన్లొస్తే అందురూ వస్తారు" అన్నాడు గంగప్ప. "పోయినసారి పూలు చల్లేదానికి రెండు నూర్ల బుట్టలు కొనకపోయినారు. బుట్టలన్నీ స్టేజీ ఎక్కె. అల్లినోళ్ళం కింద నిలబడితిమి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పార్టీకి సగం పునాది పడింది.

1999 ఎండాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం గుడిసెల మధ్య ఖాళీలో కులపంచాయతీ కూర్చున్నట్టే కూర్చున్నారు. ఇరుళిగుల పెద్దలు నలుగురు, బొమ్మసంద్ర నుంచి లంబాడీ ఆడవాళ్ళు ఒక టెంపో నిండా వచ్చారు. సుంకమ్మ వాళ్ళ పంచాయతీకి ఒక పద్ధతి ఉంది. మాట మొదలుపెట్టే ముందు ప్రతి మనిషీ తన వెదురు కత్తిని నడుమ పెట్టిన బుట్టలో వేయాలి. కత్తి చేతిలో ఉండగా అన్నమాట మాట కాదు. కత్తులన్నీ పడ్డాయి. కత్తి లేని జయరాజు కాసేపు తికమకపడి, జేబులోని కలం తీసి బుట్టలో వేశాడు. "ఇప్పుడు మనోడనిపించుకున్న్యాడప్పా" అంది సుంకమ్మ.

పేరు మీద చాలాసేపు నడిచింది. కన్నడం వాళ్ళకూ తెలుగువాళ్ళకూ నోరు తిరగాలి కదా. 'మూలజన పక్షం' అన్నదానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. అధ్యక్షుడిగా ఇరుళిగుల పెద్దాయనను, కార్యదర్శిగా జయరాజును, ఉపాధ్యక్షురాలిగా సుంకమ్మను అనుకున్నారు.

"నేనేం జెయ్యాలప్పా?" అందామె.

"కూర్చోవాల వదినా. దినామూ చేసే పనే" అన్నాడు గంగప్ప.

ఆ రోజు తీర్మానం రాసేశాక జయరాజు ఢిల్లీ ఎలక్షన్ కమిషన్ వాళ్ళ నియమం చెప్పాడు. ఓటరు జాబితాలో పేరున్న నూరుమంది, ఒక్కొక్కరూ విడివిడిగా, 'నేను ఈ పార్టీ మనిషిని, ఇంకే పార్టీలోనూ లేను' అని ప్రమాణపత్రం ఇవ్వాలి. పార్టీ పెట్టిన రోజు నుంచి ముప్పై రోజుల్లోగా అర్జీ ఢిల్లీ చేరాలి. నూరుమంది పేర్లు జాబితాలో చూసుకున్నారు. దొరికారు. చదువొచ్చినవాళ్ళు నలుగురు: జయరాజు, కృపమ్మ, వనజ, లంబాడీల్లో ఒక డ్రైవరు. మిగతా తొంభై ఆరుమందీ వేలిముద్రలే.

*

మరుసటి ఆదివారం వేలిముద్రలు. ఆ ముందురోజు సాయంత్రం గంగప్ప, ఇంకో పదిమంది సుంకమ్మ గుడిసె ముందుకొచ్చి గొంతుక్కూర్చున్నారు.

"ఏమి వదినా, ఇయ్యల్నా?"

ఆమె బద్ద గీకుతూనే ఆలోచించింది. జయరాజు మంచివాడు. అందులో అనుమానం లేదు. కాగితం మాత్రం కాగితమే. ముద్ర వేయించుకున్న చెయ్యి ఎంత మంచిదైనా, ఆ కాగితం చివరికి ఎవరి బీరువాలో పడుతుందో ఎవరికెరుక?

"ఇయ్యండి" అంది. "మా నాయన ఇచ్చినట్ల ఇయ్యండి."

అంతకంటే ఒక్క మాట అక్కర్లేకపోయింది. కొండన్న కథ ఆ గుడిసెల్లో అందరికీ తెలుసు. అందరి తండ్రులకూ తాతలకూ అలాంటి కథ ఒకటి ఉంది. గంగప్ప ఆ మాటను ఇరుళిగులకూ మోశాడు, టెంపోలో దిగిన లంబాడీలకూ చెవిలో వేశాడు. వాళ్ళూ తల ఊపారు.

మర్నాడు జయరాజు కాగితాల మీద వంగి పేర్లు పిలుస్తూ, జాబితాతో సరిచూస్తూ ఉన్నాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలకు అక్షరాలు కనిపించడమే గగనం, వేళ్ళెక్కడ చూస్తాడు? ఒక్కొక్కరే వచ్చి, సిరాదిండు మీద చెయ్యి తడబడినట్టు పెట్టి, ఏదో ఒక వేలు ఒత్తి లేచిపోయారు. సుంకమ్మ ఉంగరపు వేలు ఇచ్చింది. ఇచ్చి, సిరాను తలకు తుడుచుకుంటూ, తండ్రి మాట నిలబెట్టానన్న తృప్తితో వెళ్ళి బుట్ట ముందు కూర్చుంది.

బుధవారం సాయంత్రం జయరాజు వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, టీ గ్లాసు చేతికిస్తే పక్కన పెట్టేశాడు.

"నోటరీ తిప్పి పంపినాడు పెద్దమ్మా. తన ముందర వెయ్యాల్సింది మనం ముందే వేసుకొని పోవడం ఒక తప్పు. అది నాది. ఇంకోటి... ఆయన ముందు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసినాడంట. ముద్ర చూస్తే వేలు చెప్తాడు. ఒకటి చిటికెనవేలన్నాడు, ఒకటి చూపుడువేలన్నాడు. తొంభై ఆరిట్లో ఒక్కటంటే ఒక్కటి బొటనవేలు లేదంట. 'ఏనప్పా, మీ జనానికి బొటనవేళ్ళే లేవా?' అని అడిగినాడు."

గుడిసె వెనక నుంచి గంగప్ప కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు.

జయరాజు నవ్వలేదు. "మా నాయనా మీ నాయన మాదిరే దాచిండొచ్చు. ఆ సిరాదిండు మీద ఇంక వేలు పెట్టకూడదనే నలభై ఏళ్ళ వయసులో అక్షరాలు దిద్ది సంతకం నేర్చుకున్నాడు. నాకు తెలుసు పెద్దమ్మా మీరెందుకు చేసినారో. నాకు నొప్పి అది కాదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోలీసుకిచ్చినట్లే ఇస్తిరి నాక్కూడా."

లేచి సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉండిపోయింది. మీద మీగడ కట్టింది.

సుంకమ్మ ఆ పూట బద్ద చీలిస్తే కత్తి గాడి తప్పింది. ఎన్నడూ లేనిది, బద్ద అడ్డంగా విరిగింది.

వనజ పని నుంచి వచ్చాక విషయం విని, అలసటంతా మరిచిపోయి తల్లి మీద లేచింది. "ఇరవై దినాలే ఉండాయంట మా! మళ్ళా తీర్మానం రాసుకోవచ్చు, రాసుకుంటే మళ్ళా ఆ నూరుమందీ వస్తారా? బొమ్మసంద్రోళ్ళు పని ఆడుంటే ఆడికి పోతారు. సుమ్నె ఊరికెనే నాయన నాయన అంటావు, ఆయప్ప పోయి ఎన్నేండ్లాయె?"

"పోయినా మాట పోతాదేమే?"

"నా సీటు పోయిందే, దానికేమంటావు?"

బదులు చెప్పడానికి 'మా నాయన' అన్న రెండు మాటలు తప్ప సుంకమ్మ దగ్గర ఇంకేమీ లేవు. ఆ పూట అవి చాలలేదు.

*

రెండు రోజులు ఆమె రోడ్డు మీదికి పోకుండా ఒకే బుట్ట అల్లుతూ కూర్చుంది. మూడోరోజు వనజ చేత పనికి సెలవు పెట్టించింది. బస్సెక్కి ఆ నోటరీ దగ్గరికి పోదామంది. చేతిలో ఆ కొత్త బుట్ట, దాంట్లో నాలుగు రాగిగింజలు.

నోటరీ శ్రీకంఠయ్య పాతకాలపు బెంగుళూరు మనిషి. కచేరీ ఎదుట మెట్ల కింద చిన్న గది, ఒక టైపు మిషను, నల్లకోటు తగిలించిన మేకు. కన్నడం ఆయన ఇంటి మాట, తెలుగు వీధి మాట. సుంకమ్మ బుట్టను టేబులు మీద పెట్టింది. ఆయన లోపలికి తొంగి చూశాడు.

"ఇదేనమ్మా, నాలుగే నాలుగు గింజలు?"

"ఖాళీగా ఇయ్యకూడదు సామీ."

"సరే, కూర్చోండి. మీరేనా ఆ బొటనవేళ్ళు లేని పార్టీ?"

"మేమే సామీ" అంది సుంకమ్మ, కూర్చోకుండానే. "ఒక మాట అడగల్ల. వేలు ఇచ్చినాక ఆ కాగితం యాడికి పోతాది?"

"ఢిల్లీకి."

"ఆడ ఎవురు పెట్టుకుంటారు? పోలీసులా?"

"పోలీసులకేమమ్మా పని? ఎలక్షన్ కమిషన్‌లో ఉంటుంది. ఒక ప్రతి మీ దగ్గర ఉంటుంది."

సుంకమ్మ కూతురి వైపు చూసింది. సరిగా విన్నానా అన్నట్టు.

"మా దగ్గరా?"

"మీది కాదా? మీ కాగితం మీ దగ్గర కాకపోతే ఎవరి దగ్గరుంటుంది? అదే ముద్ర, అదే సీలు. పెట్టెలో పెట్టుకోండి, బుట్టలో పెట్టుకోండి, మీ ఇష్టం."

ఆమె అప్పుడు కూర్చుంది. బల్ల అంచున, నెమ్మదిగా. సెటిల్మెంటులో తండ్రి ఎన్ని వేళ్ళు ఇచ్చాడో, ఏ ఒక్కటీ ఆయన చేతికి తిరిగి వచ్చింది కాదు. అవతలి బీరువాలోకి పోయిన ముద్ర అవతలివాడిదే. ఇవతల కూడా ఒకటి ఉంటుందంటే లెక్క వేరే. ఈ మాట నాయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమనేవాడో ఆమె ఊహించుకోవడానికి ప్రయత్నించింది. ఒకటీ తట్టలేదు. మొదటిసారి, నాయన ఏమంటాడో తెలియకుండానే ఒక మాట అనాల్సి వచ్చింది.

"ఐతే ఇస్తాము. నువ్వు మా తావుకి రావల్ల సామీ. పగులు పొద్దున, అందురి ఎదురుగా. ఇంకోటి. ముందర నీ బొటనవేలు మాకియ్యాల."

వనజ తలపట్టుకుంది. "మా!"

శ్రీకంఠయ్య కళ్ళద్దాల మీదుగా చూశాడు. తర్వాత కడుపు కదిలేలా నవ్వాడు. "నలభై ఏళ్ళుగా జనాల వేళ్ళు పట్టుకుని ముద్రలు వేయిస్తున్నా. నా వేలు ఇంతవరకు ఒక్కరు అడగలేదమ్మా." సిరాదిండు దగ్గరికి లాక్కుని, ఒక తెల్లకాగితం మీద తన బొటనవేలు గట్టిగా ఒత్తి, కింద పేరు రాసి, సీలు కూడా వేసి ఆమె చేతికిచ్చాడు. ముద్రలో గీతలు సుడులు సుడులుగా, చాట అడుగున అల్లికలాగా కనిపించాయి.

సుంకమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

*

ఆ ఆదివారం శ్రీకంఠయ్య ఆటోలో వచ్చాడు. చీపురుతో ఊడ్చి నీళ్ళు చల్లిన ఖాళీలో, ప్లాస్టిక్ కుర్చీ, టేబులు. టెంపో మళ్ళీ వచ్చింది. ఇరుళిగులు అడవి తేనె సీసా ఒకటి తెచ్చారు. జయరాజు దూరంగా కాగితాలు సర్దుకుంటున్నాడు, సుంకమ్మ వైపు చూడలేదు.

ఆమె ముందు కత్తుల బుట్ట తెచ్చి నడుమ పెట్టింది. తన కత్తి వేసింది. కొంగుముడి విప్పి ఆ కాగితం తీసి, అందరికీ కనిపించేలా పైకెత్తింది.

"ఇది ఈ సామి బొటనవేలు. నా దగ్గర ఉండాది. ఇంక మనం దాచేది న్యాయం కాదు. మా నాయన దాచమన్న్యాడు. మా నాయన కాలంలో కాగితం ఒగదిక్కే ఉండె. ఇప్పుడు రెండు దిక్కులా ఉంటాదంట." జయరాజు వైపు తిరిగింది. "అయివారూ, నాది ముందర రాయి."

జయరాజు తల ఎత్తాడు. కలం మూత తీశాడు.

యాభై ఏళ్ళుగా ఎవరికీ ఇవ్వని బొటనవేలు అది. సిరాదిండు మీద పెట్టింది. శ్రీకంఠయ్య దాన్ని పట్టుకుని అటూ ఇటూ దొర్లించి కాగితం మీద ఒత్తించాడు. వేలు తీసి చూస్తే, కాగితం మీద నల్లటి మచ్చ ఒకటి, నున్నగా. దాని మీద నాలుగైదు అడ్డగీతలు, కత్తి కోతలవి. సుడి లేదు, గీత లేదు.

"ఇదేమి సామీ?" అంది సుంకమ్మ. "నీది మాదిరి లేదే?"

శ్రీకంఠయ్య ఆమె వేలిని వెలుతురుకు తిప్పి చూశాడు. "వెదురమ్మా. ఇన్నేళ్ళు బద్దలు చీల్చితే గీతలు ఎక్కడ మిగులుతాయి? అరిగిపోయినాయి. కల్లు గీసేవాళ్ళవీ, గార పనివాళ్ళవీ చూసినా. మీ అంత నున్నగా చూడలేదు."

"చెల్లదా ఐతే?"

"ఎందుకు చెల్లదు? నా కళ్ళముందర వేసినారు కదా. ఈ కోతలు ఉన్న వేలు లోకంలో ఇంకొకటి లేదు."

సుంకమ్మ ఆ మచ్చను అలాగే చూస్తూ ఉండిపోయింది. ముందు పెదవులు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని వనజ ఒక అడుగు ముందుకేసింది. ఆమె నవ్వుతోంది.

"ఓ నాయనా!" అంది, ఎదురుగా నిలబడినవాడితో అన్నట్టు. "నీదీ ఇంతే ఉండింటాది కదా నాయనా! వేలి మీద ఒగ గీతా లేకపాయె, దాన్ని పట్టుకోని ఎవుడేం చేసుకునింటాడని దాచితివి?"

నవ్వు గంగప్పకు అంటుకుంది. అతను తన బొటనవేలు చూసుకున్నాడు. పక్కవాడూ చూసుకున్నాడు. ఆ ఖాళీ స్థలంలో నలభై యాభైమంది మనుషులు, తమ వేళ్ళు తాము కొత్తగా చూసుకుంటున్నట్టు, ఎండకు పెట్టి చూసుకున్నారు. అన్నీ నున్ననివే. ఇన్నేళ్ళు కాపలా కాసిన ఇంట్లో, దొంగ వచ్చినా ఎత్తుకుపోవడానికి ఏమీ లేదు.

"పా పా, గంగప్పా, నువ్వు రా. ఈసారి చిటికెనవేలిస్తే కోసేస్తా" అంది సుంకమ్మ.

"పోయినసారి చెప్పింది నువ్వే కదా వదినా!"

"ఇప్పుడూ చెప్పేది నేనే. రా."

సాయంత్రం దాకా నడిచింది. ఇరుళిగుల వేళ్ళ మీద తేనె కోసం కొండలెక్కిన గీట్లు, లంబాడీ ఆడవాళ్ళ వేళ్ళ మీద సిమెంటు పగుళ్ళు. తొంభై ఆరూ అయ్యాయి. చివరి కాగితం మీద సీలు వేసి శ్రీకంఠయ్య వేళ్ళు విరుచుకుంటుంటే, సుంకమ్మ టీ గ్లాసు పట్టుకుని జయరాజు దగ్గరికి పోయింది.

"ఆ దినం తాగకుండా పోతివి అయివారూ."

జయరాజు గ్లాసు అందుకున్నాడు. గ్లాసు అంచున సిరా అంటిన ఆమె వేలిముద్ర పడింది. నున్నటి మచ్చ. ఆయన దాన్ని తుడవకుండానే తాగాడు.

*

అర్జీ గడువులోగానే ఢిల్లీ చేరింది. పార్టీ నమోదైందని ఉత్తరం రావడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది. ఆ తర్వాతి నగరసభ ఎన్నికల్లో మూలజన పక్షం తరఫున గంగప్ప నిలబడ్డాడు. గుర్తు బుట్ట కావాలని అడిగారు, నిచ్చెన ఇచ్చారు. "ఇదీ వెదురుదే కదప్పా, కట్టేది మనమే" అని సర్దుకున్నారు. గంగప్పకు మూడు నూర్ల పదకొండు ఓట్లు వచ్చాయి. ఓడిపోయాడు. "నూరుమందితో పుడితిమి, మూడు నూర్లయితిమి. బిడ్డ బాగనే పెరగతాండాది" అని అందరికీ మిఠాయి పంచాడు.

మూడు నూర్ల ఓట్లు తక్కువేమీ కాదని గెలిచినవాళ్ళకూ ఓడినవాళ్ళకూ తెలుసు. ఆ మరుసటి ఏడాది గుడిసెలకు కొళాయి వచ్చింది. ముద్రున్న లెటరుహెడ్డు మీద జయరాజు రాసిన ఉత్తరాలకు కచేరీ నుంచి జవాబులు రావడం మొదలైంది. కులం జాబితా చిక్కు పూర్తిగా విడిపోలేదు, అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అయితే 2003లో వనజకు కుల సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. ఆమె అప్పటికే ఒక బిడ్డ తల్లి. నర్సు చదువుకు వయసు దాటిందన్నారు. కృపమ్మ పూనుకుని ఆస్పత్రిలో ఆయా పనిలో పెట్టించి, తర్వాత సహాయకురాలి శిక్షణకు పంపింది. తెల్లచీర కట్టుకున్న రోజు వనజ తల్లి కాళ్ళకు మొక్కబోతే, "ముందు ఆ నోటరీ సామికి ఒగ బుట్ట ఇచ్చిరా పో" అంది సుంకమ్మ. "ఖాళీగా కాదు."

ప్రమాణపత్రాల రెండో ప్రతులు సుంకమ్మ గుడిసెలోనే ఉండేవి. దానికోసం ఆమె మూత ఉన్న బుట్ట ఒకటి ప్రత్యేకంగా అల్లింది. అన్నిటికంటే పైన శ్రీకంఠయ్య బొటనవేలు. పార్టీ పుట్టిన రోజున ఏటా జనం వచ్చేవాళ్ళు. ఉపన్యాసాలు, జెండాలు పెద్దగా ఏమీ ఉండేవి కావు. కత్తులు బుట్టలో వేసేవాళ్ళు, జయరాజు కలం వేసేవాడు. తర్వాత మూత తీసి, ఎవరి కాగితం వాళ్ళు వెతుక్కుని చూసుకునేవాళ్ళు. చదవడం రాదు కాబట్టి ముద్రను బట్టే గుర్తుపట్టాలి. అన్నీ నున్నటి మచ్చలే కావడంతో అదొక పెద్ద తగాదా.

గుడిసెలు పోయి రేకుల ఇళ్ళు వచ్చాక, రింగు రోడ్డు మీద వంతెన కింద బస్సులు కిక్కిరిసి నిలబడే రోజులు వచ్చాక కూడా, డెబ్భై దాటిన సుంకమ్మ ఆ రోజున బుట్ట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చునేది. గంగప్పకు చూపు తగ్గింది. ఒక్కొక్క కాగితం కంటి దగ్గరికి పెట్టుకుని వెతికేవాడు.

"ఇది నాదే. ఈ పక్క కోత చూడు."

"అది నాది మరిదీ. నీ కోత ఎడమపక్క."

"నీదని నీకెట్ల తెలుసు వదినా?"

"ఈడ చూడు" అని సుంకమ్మ తన బొటనవేలు ఆ మచ్చ పక్కన పెట్టి చూపించేది. చూపించి, కాగితం వెనక్కి తీసుకుని, బుట్టలో పెట్టి, మూత వేసేముందు నాలుగు రాగిగింజలు దాంట్లో వేసేది.